క్యారెట్ తింటే చాలదు, బండి కూడా కావాలి!

హాస్టళ్లలో ఈ మధ్య ఒక అలవాటు చూస్తున్నాను. బరువు తగ్గాలని నూనె మానేస్తారు, పప్పు మానేస్తారు, గుడ్డూ మానేస్తారు. పొద్దున్నే గ్లాసుడు క్యారెట్ జ్యూస్ తాగి ‘విటమిన్ ఎ వచ్చేసిందిగా’ అంటారు. మా పిన్ని కూతురూ అదే మాట అంది. ‘తాగావు సరే, అది కంటిదాకా ఎలా వెళ్తుందే?’ అని అడిగాను. ఆ దారేంటో మీకూ చెబుతాను.

క్యారెట్లో ఉండేది బీటా కెరోటిన్. దాన్ని విటమిన్ ఎగా మార్చుకునే పని ఎక్కువగా పేగు గోడలోనే జరుగుతుంది. కానీ ఇది నీళ్లలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. తిండిలో కాస్త నూనో నెయ్యో ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది. తర్వాత కొవ్వు బిందువుల్లో కలిసి ప్రయాణించి లివర్ చేరుతుంది. అక్కడ నెలల తరబడి నిల్వ ఉంటుంది. చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఆరు నెలలకోసారి చెంచాతో విటమిన్ ఎ సిరప్ పోసేవారు కదా! 1970లో మొదలైన పథకం అది. అన్నాళ్లకోసారి పోసినా సరిపోయేది లివర్ దాచుకుంటుంది కాబట్టే.

అసలు కథ ఇక్కడుంది. లివర్ నుంచి బయటికి రావాలంటే దానికో బండి కావాలి. దాని పేరు రెటినాల్ బైండింగ్ ప్రొటీన్. లివరే తయారుచేస్తుంది. బండి మరీ చిన్నది, ఒంటరిగా తిరిగితే కిడ్నీలు వడగట్టేస్తాయి. అందుకే ట్రాన్స్‌థైరెటిన్ అనే ఇంకో ప్రొటీన్‌ని తోడు తీసుకెళ్తుంది. తిండిలో ప్రొటీన్ బాగా తగ్గిపోతే బండ్లూ తగ్గిపోతాయి. అప్పుడు లివర్లో సరుకున్నా కంటికి సరిగా అందదు.

కంటికి చేరాక అది ఆప్సిన్ అనే ప్రొటీన్‌తో కలిసి రొడాప్సిన్ అవుతుంది. మసక వెలుతురులో మనకు చూపు దానివల్లే. సరఫరా తగ్గితే ముందుగా కనిపించేది రేచీకటి. కంటి చూపులో విటమిన్ ఎ పాత్ర తేల్చిన జార్జ్ వాల్డ్, 1967 నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఒకరు.

అలాగని మాత్రలు మింగేయకండి. మిగిలింది మూత్రంలో పోదు, లివర్లో పేరుకుని దాన్నే దెబ్బతీస్తుంది. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ కూడా దీని చుట్టమే. గర్భంతో ఉండి వేసుకుంటే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. ఫ్రెండ్ చెప్పిందని మెడికల్ షాపుకి వెళ్లి కొనేయొద్దు, డాక్టర్ రాస్తేనే వాడాలి.

మరేం తినాలంటారా? మునగాకు పప్పు! ఆకులో కెరోటిన్, పోపులో నూనె, పప్పులో ప్రొటీన్. సరుకూ, దారీ, బండీ అన్నీ ఒకే గిన్నెలో ఉన్నాయి. చీకటి పడ్డాక చూపు ఆనట్లేదనిపిస్తే మాత్రం వంటింట్లో ఆగిపోకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.