విశ్పల కాలు, ప్రారబ్ధమను సాకు

తుంటికీలు అరిగి నడక దుర్భరమైన వానిని "శస్త్రచికిత్స చేయించుకొనరాదా?" అని అడిగినచో, కొత్తచెరువు ప్రాంతమున తరచుగా వినవచ్చు సమాధానము ఒకటే: "ప్రారబ్ధము, అనుభవించి తీరవలసినదే." ఆ మాట పలుకువారిలో అధికులు వేరుసెనగ చేలలో జీవితమంతయు వంగి, గొంతుకూర్చుండి శ్రమించినవారు. వాన రాని సంవత్సరములు వారికి ఓర్పును స్వభావముగా చేసినవి. ఆ ఓర్పు నమస్కరింపదగినది. వ్యయమునకు వెరచియో, కత్తికి వెరచియో వెనుకంజ వేయుటయు అర్థము చేసికొనదగినదే. కాని ఆ భయమునకు వేదాంతమను వస్త్రము కప్పుట శాస్త్రసమ్మతము కాదు.

ఋగ్వేదము ప్రథమమండలము 116వ సూక్తమున కక్షీవంతుడను ఋషి అశ్వినీదేవతలను స్తుతించుచు విశ్పల వృత్తాంతమును స్మరించెను. ఖేలుడను రాజు పక్షమున పోరుచు ఆమె రాత్రివేళ కాలు కోల్పోయినది. దేవవైద్యులు తడవు చేయక ఆమెకు లోహపు జంఘను అమర్చిరి. అది ఇంట కూర్చుండుటకు కాదు. పణముగా ఒడ్డిన ధనమునకై మరల పరుగెత్తుటకు! (విశ్పల స్త్రీ కాదు, పందెపు గుఱ్ఱమని కొందరు ఆధునిక పండితుల ఊహ. గుఱ్ఱమే అయినను ఇచ్చట వాదమునకు లోటు లేదు.) "నీ ప్రారబ్ధమింతే" అని అశ్వినులు ఆమెను విడిచిపోలేదు. వేదము చికిత్సను దేవకార్యముగనే కీర్తించినది.

గోల్ఫ్ క్రీడ ఈ మెట్టనేల వారికి అపరిచితము. నిలుచుండి కొట్టు ఆట వలె కనిపించును గాని, కఱ్ఱను ఊపునపుడు దేహమంతయు తుంటిపైననే తిరుగును. అట్టి క్రీడలో ఐదుమార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన అమెరికా దేశీయుడు టామ్ వాట్సన్ 2008 అక్టోబరులో తుంటికీలు మార్పించుకొనెను. తొమ్మిది నెలలు గడచిన పిదప, 2009 జూలైలో, 59 ఏండ్ల వయస్సున, స్కాట్లాండులోని టర్న్‌బెరీ మైదానమున అదే పోటీకి వచ్చెను. నాలుగు దినముల ఆటలో మూడు దినములు ముగియునప్పటికి అందరికంటె ముందుండెను. చివరి గుంతను నియమిత దెబ్బలతో ముగించినచో విజయము ఆతనిదే. బంతి గుంత ఉన్న పచ్చికను దాటి వెనుకకు దొర్లిపోయినది. ఒక దెబ్బ అధికమైనది. అటుపిమ్మట నాలుగు గుంతల నిర్ణాయక పోటీలో స్టీవర్ట్ సింక్ చేతిలో ఆతడు ఓడెను.

ఇట్టి కథ దొరికినంతనే ప్రవచనకారులు "ఇదియే నిష్కామకర్మ" అందురు. అది తొందరపాటు. వాట్సన్ గెలువగోరియే ఆడెను. ఓటమి ఆతనిని బాధించినది. ప్రతి క్రీడాకారుని కంఠమున గీతామాల వేయనక్కరలేదు. ఇచ్చట గ్రహింపదగినది అంతకంటె చిన్నది, మిక్కిలి ఉపయోగకరమైనది. భగవంతుడు గీత 18వ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు హేతువులను చెప్పెను: అధిష్ఠానమైన శరీరము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. శరీరము మొదట లెక్కింపబడినది, దైవము చివర. వాట్సన్ మొదటిదానిని వైద్యుని చేత బాగుచేయించుకొనెను; నడిమి మూడింటిని తాను నిర్వహించెను; చివరి గుంత వద్ద ఐదవది తన భాగమును తీసికొనెను. మనవారు మాత్రము ఐదవదాని చేత తక్కిన నాలుగింటిని మ్రింగించుచున్నారు.

ప్రారబ్ధము విడిచిన బాణము వంటిదని పెద్దలు చెప్పిన మాట సత్యమే. అయినను నొప్పి ప్రారబ్ధమైనచో, దానిని తీర్చగల వైద్యుడు ఈ కాలమున లభించుట మాత్రము ప్రారబ్ధము కాదా? యోగవాసిష్ఠమున వసిష్ఠుడు పూర్వకర్మను, నేటి పురుషప్రయత్నమును ఢీకొను రెండు పొట్టేళ్లతో పోల్చెను. బలము గలది గెలుచును. రెండవ పొట్టేలును కట్టివేసి మొదటిదే గెలిచినదని చాటుట ఏమి న్యాయము?

కీలు మార్చుట వైద్యునికి ఒక పూట పని; తరువాతి నెలలు రోగివి. చాలమంది తప్పిపోవునది ఇచ్చటనే. తెలుగునాట పుల్లెల గోపీచంద్ ఉదాహరణము కన్నులెదుట కలదు. 1994లో ఆతని మోకాలి స్నాయుబంధము తెగినది. శస్త్రచికిత్సలు పలుమార్లు జరిగినవి. 1996 నుండి వరుసగా ఐదేండ్లు జాతీయ విజేతగా నిలిచి, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా దేశీయుడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ కిరీటమును పొందెను. గాయమునకును ఆ దినమునకును నడుమ ఏడేండ్లు! అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినపుడే దృఢమగునని పతంజలి చెప్పినది ధ్యానమునకు మాత్రమే కాదు, ఫిజియోథెరపీకి కూడ. ఒక వారము కాలు చాచి ముడిచి, నొప్పి యని మానివేసి, "ఆపరేషను ఫలింపలేదు" అనువారు ఈ మాటను తలపోయవలెను.

ఇక దేవాలయమున జరుగు అన్యాయమొకటి కలదు. తుంటికీలు మార్పిడి జరిగినవారిలో అనేకులకు నేలపై కూర్చుండుటను వైద్యులు నిషేధింతురు. సాష్టాంగము చేయలేక, కుర్చీ అడుగుటకు సిగ్గుపడి, ఏండ్ల తరబడి వచ్చిన భక్తులు గుడికి రాకయే మానుచున్నారు. కారణము వెనుకనుండి వినవచ్చు గుసగుస: "దేవుని ఎదుట కుర్చీయా!" ఆసనము స్థిరముగను సుఖముగను ఉండవలెనని యోగసూత్రము, అది నేలపైననే ఉండవలెనని నియమింపలేదు. చేతులు జోడించి శిరస్సు వంచిన నమస్కారము నమస్కారమే. ముఖమండపమున దర్శనమునకు అడ్డు రాని చోట, గోడ ప్రక్కగా, చేతులాన్చుకొను ఎత్తైన కుర్చీలు నాలుగు వేయించుట ధర్మకర్తలకు భారము కాదు. హారతి, తీర్థము, శఠగోపము అచ్చటికే తీసికొని వెళ్లుట అర్చకుని పని. భక్తుడు లేచి రావలసిన పని లేదు.