గృహ విజ్ఞానము: వైఫై నిలిచిపోయినపుడు

గ్యాసు పొయ్యి మండనిచో మనము మొదట సిలిండరును, పిదప రెగ్యులేటరును, ఆపైని బర్నరును చూతుము గాని, ఒక్కమారుగా పొయ్యిని మార్చివేయము. కంప్యూటరునకు వైఫై అందనపుడు మాత్రము మనలో పెక్కుమంది యీ వివేకమును విడిచి, "ఇంటివారు వచ్చి చూతురు లెమ్ము" అని యూరకుందురు. ఆనాడే అమ్మాయి కళాశాలకు దరఖాస్తు పంపవలసిన కడపటి దినము కావచ్చును. ఇంటనుండి లెక్కలు వ్రాసి సంపాదించుకొను సోదరి యొకనాటి కూలిని పోగొట్టుకొనవచ్చును. కావున డెస్క్‌టాప్‌ కంప్యూటరునకు వైఫై నిలిచినపుడు లోపమును వరుసగా వెదకు విధమును ఈ మాసమున మనవి చేయుచున్నాము.

లోపము వీథినుండి వచ్చు తీగలో నుండవచ్చును, రౌటరులో నుండవచ్చును, కంప్యూటరులో నుండవచ్చును. ఎచ్చట నున్నదో తెలిసిన సగము పని తీరినట్లే. ఇందులకు చేతిలోని ఫోనే చాలును. ఫోనులో మొబైల్‌ డేటాను ఆపి, వైఫై మాత్రముంచి, ఏదేని వెబ్‌సైటును తెఱచి చూడుడు. డేటాను ఆపకున్నచో ఫోను వేఱుదారిని పనిచేసి మనలను భ్రమింపజేయును. ఫోనులోను రాకున్నచో లోపము రౌటరులోనో తీగలోనో యుండును. ఫోనులో వచ్చి కంప్యూటరులో రాకున్నచో కంప్యూటరునే శోధింపవలెను.

ఫైబరు కనెక్షను గల యిండ్లలో ఎల్‌.ఓ.ఎస్‌. అను చోట ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో తీగ వెంట సంకేతము రాలేదని యర్థము. అది కంపెనీవారు బాగుచేయవలసిన పని. ఆ సన్నని తీగను ఊడదీసి కొనవంక చూడరాదు. అందలి కిరణము కనబడకయే కంటికి హాని చేయగలదు. ఎఱ్ఱదీపము లేనిచో రౌటరు స్విచ్చిని ఆపి, 30 సెకండ్లు తాళి, మరల వేసి, 3 నిమిషములు వేచియుండుడు. రీసెట్‌ రంధ్రమున మాత్రము పిన్నీసు గ్రుచ్చకుడు. మన పాస్‌వర్డుతో పాటు అమరికలన్నియు చెఱిగిపోవును.

కంప్యూటరులోనే లోపమున్నదని తోచినచో, తెరమీద ఎయిర్‌ప్లేన్‌ మోడ్‌ వేయబడి యున్నదేమో మొదట చూడుడు. మన వైఫై పేరు కనబడియు కలియకున్నచో, ఆ పేరును "ఫర్గెట్‌" చేసి, పాస్‌వర్డును పెద్దచిన్న యక్షరముల భేదముతో మరల వ్రాయుడు. ఏ పేరును కనబడకున్నచో, వైఫై డాంగిల్‌ను తీసి వేఱొక యూ.ఎస్‌.బీ. రంధ్రమున పెట్టుడు. పొరుగువారి పేర్లు కనబడి మన పేరు మాత్రమే కనబడనిచో, రౌటరు 5 గిగాహెర్ట్జ్‌ తరంగములనే యిచ్చుచుండగా పాత డాంగిల్‌ 2.4 మాత్రమే గ్రహింపగలదై యుండవచ్చును. రౌటరులో రెండును పనిచేయునట్లు అమర్చుకొనవలెను.

ఒక్కొక్కప్పుడు దోషము యంత్రములో గాక, దానిని ఉంచిన తావులో నుండును. బల్లక్రింద గోడకు చేర్చిన యినుపపెట్టె వెనుక డాంగిల్‌ నుండుటచే, ఆ యినుమే తరంగములకు అడ్డమగును. దానిని ముందువైపునకు మార్చిన మేలు. రౌటరును బీరువాచాటున దాచక, ఇంటి నడుమ ఎత్తైన చోట నుంచవలెను. మైక్రోవేవు పొయ్యియు 2.45 గిగాహెర్ట్జ్‌ తరంగములతోనే పనిచేయును గనుక, వంటవేళ మాత్రమే వైఫై తడబడుచున్నచో కారణమును వేఱుగా వెదకనక్కఱలేదు. 5 గిగాహెర్ట్జ్‌కు మారిన చాలును.

వైఫై కలిసినను వెబ్‌సైటులు భద్రత లేదని తెఱచుకొననిచో కంప్యూటరు తేదీని చూడుడు. పాత యంత్రములలో 3 వోల్టుల బిళ్లబ్యాటరీ క్షీణించినపుడు తేదీ వెనుకకు పోవును. తేదీని సరిచేసి, బ్యాటరీని మార్పించుడు.

ఇన్నిట కుదురక గడువు దగ్గఱపడినచో, ఫోనును ఛార్జింగు తీగతో కంప్యూటరునకు కలిపి, ఫోను సెట్టింగులలో యూ.ఎస్‌.బీ. టెథరింగును వేయుడు. ఫోనులోని డేటాతోనే దరఖాస్తు పంపవచ్చును. అంతియేగాని, తొందరలో నెవరో ఫోను చేసి "కంపెనీవారము, ఈ యాప్‌ ఎక్కించుకొనుడు, ఓ.టీ.పీ. చెప్పుడు" అన్నచో నమ్మకుడు. మనము పిలువక వచ్చిన సహాయము బ్యాంకులోని సొమ్మునకే ముప్పు తేవచ్చును.

మరమ్మతు చేయువారిని పిలువవలసి వచ్చినను, ఏ దీపము వెలిగినదో, ఫోనులో వచ్చినదో రాలేదో యొక చీటిపై వ్రాసి యుంచుడు. అట్టి చీటి చేత నున్న గృహిణికి, అవసరము లేని క్రొత్త వస్తువును అంటగట్టుట సులభము గాదు.