గుడ్డు ఎవరి చేతిలో?

2018 అక్టోబరులో న్యూజెర్సీలో మా అక్క ఇంట్లో పది రోజులున్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్న అక్క కూతురు ఒక సాయంత్రం బూట్ల డబ్బాలో దూది పరిచి, దానిమీద ఒక కోడిగుడ్డు పెట్టుకుని బడి నుంచి వచ్చింది. గుడ్డుకి కళ్ళూ మూతీ గీసి ఉన్నాయి. అడుగున టీచరు సంతకం. పగిలితే ఇంకోటి కొనుక్కొచ్చి 'ఇదే అది' అనకుండా ఆ జాగ్రత్తట.

"ఇది మా బేబీ పిన్నీ" అంది.

అమెరికా బడుల్లో ఈ ప్రాజెక్టు చాలాకాలంగా ఉన్నదే. పచ్చిగుడ్డునో, అయిదారు పౌన్ల పిండి సంచినో పిల్లల చేతికిచ్చి కొన్నాళ్ళపాటు పసిబిడ్డలా చూసుకోమంటారు. పేరు పెట్టాలి, వెంట తిప్పుకోవాలి, వదిలి వెళ్ళాల్సి వస్తే ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి, రోజూ డైరీ రాయాలి. పగిలితే మార్కులు పోతాయి. పెళుసు వస్తువుని కాపాడడం ద్వారా బాధ్యత నేర్పడం పైకి చెప్పే ఉద్దేశం. చిన్నవయసులో గర్భం తెచ్చుకుంటే ఎన్ని అవస్థలో రుచి చూపించడం దాని వెనకున్న ఉద్దేశం.

'మా బేబీ' అంది కదా, ఆ 'మా'లో ఇద్దరున్నారు. తరగతిలో ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ జతచేసి, జతకో గుడ్డు ఇచ్చారు. అయిదు రోజులు వంతులవారీగా చూసుకోవాలి. రెండోరోజూ డబ్బా మా ఇంటికే వచ్చింది. "ఇవాళ వాడి వంతు కాదా?" అనడిగాను. "వాడికి సాకర్ ప్రాక్టీసుంది పిన్నీ, బ్యాగులో పెట్టుకుని పరిగెత్తితే పగిలిపోదూ?" అంది. మూడోరోజు అడిగితే వాళ్ళమ్మ ఊళ్ళో లేదు కాబట్టి వాడింటికి పంపడం కుదరదంది. గుడ్డు అబ్బాయి ఇంటికి వెళ్ళాలన్నా అక్కడ ఒక ఆడమనిషి ఉండాలన్నమాట! అయిదు రోజులూ గుడ్డు ఈ పిల్ల దగ్గరే ఉంది. డైరీలో మాత్రం అన్నీ 'మేం చేశాం' అనే రాసింది. ఇద్దరికీ సమానంగా మార్కులొచ్చాయి. అందులో తనకేమీ అన్యాయం కనబడలేదు. ఇంటి చాకిరీ మీద పరిశోధన చేసేదాన్ని కాబట్టి నాకు ఎక్కడికెళ్ళినా అదే కనబడుతుందని మా అక్క వేళాకోళం చేసింది.

నేనూ నవ్వి ఊరుకున్నాను. కిందటేడాది ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఇదే ప్రాజెక్టుని మన జిల్లాల్లో ఆడపిల్లల గురుకులాల్లో మొదలుపెడతామనీ, బాల్యవివాహాల నివారణకు పనికొస్తుందనీ, ఒకసారి వచ్చి చూసి అభిప్రాయం చెప్పమనీ అడిగేసరికి ఊరుకోవడం కుదరలేదు. వెళ్ళేముందు దీనిమీద దొరికినవి చదివాను.

గుడ్డు ఏడవదు, రాత్రి నిద్ర లేపదు. ఆ కొరత తీర్చడానికి 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో జుర్మెన్ దంపతులు ఏడ్చే బొమ్మను తయారుచేశారు. తర్వాత తర్వాత అది కంప్యూటరు బొమ్మ అయింది. పాలు పట్టడం, ఎత్తుకోవడం, గుడ్డ మార్చడం వేళకి చేస్తున్నారో లేదో తనే లెక్క రాసుకుంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ ప్రాంతంలో 2003-2006 మధ్య 57 బడుల్లో, 13-15 ఏళ్ళ ఆడపిల్లల మీద ఈ బొమ్మ ప్రభావాన్ని పరీక్షించి, వాళ్ళకు 20 ఏళ్ళొచ్చేదాకా గమనించారు. ఫలితాలు 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బొమ్మను పెంచిన పిల్లల్లో 8 శాతం మంది ఆలోగా బిడ్డను కన్నారు. బొమ్మ ఇవ్వని బడుల్లో అది 4 శాతమే. గర్భస్రావాలు కూడా 9 శాతం, 6 శాతం. భయపెట్టడానికిచ్చిన బొమ్మ ఎవర్నీ భయపెట్టలేదు. నాకైతే ఆశ్చర్యమనిపించలేదు. పదమూడేళ్ళ పిల్ల చేతిలో 'బిడ్డ' ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమెను పెద్దదానిలా చూస్తారు, పలకరిస్తారు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని పిల్లకి అది చిన్న సంగతేం కాదు.

ఆ మాట సంస్థవాళ్ళకి చెప్పాను. "మనది గుడ్డే కదా మేడం, ఖర్చు కూడా తక్కువ" అన్నారు.

గురుకులంలో నలభైమంది పిల్లలకి నలభై గుడ్లు పంచారు. కార్యకర్త చక్కగానే వివరించింది. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "ఉడకబెట్టి ఇస్తే పగలదు కదా టీచర్?" అంది. అందరూ నవ్వారు. పక్కనున్న పిల్ల మాత్రం నవ్వలేదు. గుడ్డును చున్నీ కొంగులో చుట్టి, నడుం కాస్త పక్కకి వంచి, చంకన ఆనించుకుంది. ఆ వంపు ఎవరో నేర్పితే వచ్చేది కాదు. తర్వాత దగ్గర కూర్చుని మాట్లాడాను. మూడో తరగతిలో బడి మానేసిందట. అమ్మ మిరప కోతలకి వెళ్ళేది, తమ్ముడికి ఏడు నెలలు. "వాణ్ని ఎత్తుకుని బడికి పోతే సారు బయట కూచోమనేవాడు. ఇదైతే ఏడవదు కదా మేడం" అంది. నాలుగేళ్ళు వాణ్ని మోశాక, వాడు బడికి పోయాక, ఈమెను ఇక్కడ చేర్చారు.

వారం తర్వాత నలభైలో ముప్ఫై ఎనిమిది గుడ్లు చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. కార్యక్రమం విజయవంతమని సంస్థ నివేదిక రాసింది. ఎండలకి పాడైన ఆ గుడ్లను వెనక గుంటలో పారేస్తుంటే పిల్లలు చూస్తూ నిలబడ్డారు. "రెండు పూటల కూర పోయింది" అని ఎవరో లెక్క కట్టారు.

ఆ పిల్లలకి మనం నేర్పిందేమిటి? బిడ్డను మొయ్యడమా? అది వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని వాదించినప్పుడు చాలామంది విసుక్కున్నారు. తమ్ముణ్ని ఆడించడం పనెలా అవుతుందన్నారు. 1986 బాలకార్మిక చట్టానికీ ఆ పని కనబడలేదు. ఇంట్లో ఆడపిల్ల చేసే చాకిరీని పనిగా లెక్కపెట్టనివాళ్ళం, ఇప్పుడు దాన్నే 'జీవన నైపుణ్యం' అని పేరు మార్చి ఆ పిల్లకే పాఠం చెబుతున్నాం.

గర్భం సంగతికొద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికీ, తెలంగాణలో 23.5 శాతం మందికీ పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ వాళ్ళలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. ఇక్కడ చిన్నవయసు గర్భాలు ఎక్కువగా పెళ్ళి పందిట్లోంచి వచ్చేవే. సంబంధం చూసేదీ, కట్నం మాట్లాడేదీ, ముహూర్తం పెట్టించేదీ ఆ పిల్ల కాదు. అలాంటప్పుడు 'నువ్వు జాగ్రత్తగా ఉండు' అని ఆమె చేతిలో గుడ్డు పెట్టడంలో అర్థమేమిటి? ఇవ్వదలిస్తే సంబంధం ఖాయం చేసుకొచ్చిన తండ్రికీ మేనమామకీ ఇవ్వాలి, ఒక డజను.

ఇంగ్లండులో ఆన్ ఫైన్ 1992లో 'ఫ్లవర్ బేబీస్' అనే పిల్లల నవల రాసింది. అందులో పిండి సంచుల్ని మూడు వారాలు మోసేది మగపిల్లల తరగతి. తను పసివాడుగా ఉన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తండ్రి గురించి, ఆ సంచి చేతికొచ్చాకే ఒక పిల్లవాడు ఆలోచించడం మొదలుపెడతాడు. ఈ ప్రాజెక్టు పనికొచ్చే చోటంటూ ఉంటే అది అక్కడే అని నాకనిపిస్తుంది. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. అసలు ఆ పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి ఇరవయ్యారు మంది. నేర్చుకోవాల్సినవాళ్ళెవరో ఇంకా వెతకాలా?

అబ్బాయిలకి కూడా తలో గుడ్డు ఇచ్చేస్తే సరిపోతుందనీ నేననను. పనిచోట అయిదుగురు గానీ అంతకు మించి గానీ పసిపిల్లలుంటే చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసుకుంది. ఆ ఒక్క నియమం ఎన్ని చోట్ల చెట్టుకింద చీర ఉయ్యాల దాటి ముందుకెళ్ళిందో గ్రామాల్లో తిరిగే మీకు చెప్పక్కర్లేదు. అది కూడా 'ఒక స్త్రీని' అనే రాసింది చూడండి. ఆ మిరప చేను పక్కన బిడ్డల్ని చూసే కేంద్రం ఉండి ఉంటే మూడో తరగతి పిల్ల చంక ఖాళీగా ఉండేది, పలక పట్టుకునేది.

సంస్థవాళ్ళకి ఇదంతా రాసి, రోడ్డుకి అవతలే ఉన్న అబ్బాయిల హాస్టల్లో ఒకసారి చేసి చూడమన్నాను. వాళ్ళు ఒప్పుకోరనీ, మార్కులు లేనిదే ముట్టుకోరనీ జవాబొచ్చింది. నేనే వెళ్ళి వార్డెన్‌ని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, చివరికి సరేనన్నారు, మెస్సు గుడ్లు మాత్రం ఇవ్వనన్నారు. బడులు తెరిచాక ముప్ఫైమంది అబ్బాయిలతో మొదలుపెడుతున్నాం. గుడ్లు మేమే కొంటున్నాం. ఈసారి డైరీలో ఒక గడి ఎక్కువ పెట్టాం: 'ఇవాళ దీన్ని ఎవరికి అప్పగించావు? అక్కకా, చెల్లికా, అమ్మకా?' వచ్చిన జవాబులు వచ్చే సంచికలో ఇస్తాం.