పిచ్చిగడ్డి కాదు... పెట్టని కోట!

ఏటా వనమహోత్సవం వస్తే మనం మొక్కలు నాటుతాం. మంచిదే. కానీ సముద్రం ఒడ్డున మొక్కలు నాటడానికి ముందుగా అక్కడి గడ్డి పీకి, ఇసుక దిబ్బను చదును చేయడం తగదని నా అభిప్రాయం.

మన తీరంలో దిబ్బల మీద ముళ్లలా గుచ్చుకునే గడ్డి ఒకటుంది. దాన్ని 'రావణాసురుని మీసాలు' అంటారు. శాస్త్రీయ నామం స్పినిఫెక్స్ లిట్టోరియస్. చూసినవాళ్లు పిచ్చిగడ్డి అని తీసిపారేస్తారు. అది చేసే పని చూడండి. సముద్రపు గాలి ఇసుకను మోసుకొస్తుంది. గడ్డి దుబ్బులు తగలగానే గాలి జోరు తగ్గి ఇసుక అక్కడే రాలుతుంది. చాలా మొక్కలు ఆ ఇసుకలో పూడి చచ్చిపోతాయి. ఈ గడ్డి కణుపు కణుపునా వేళ్లు వేసి మళ్లీ పైకి లేస్తుంది. అది లేచినకొద్దీ దిబ్బ పెరుగుతుంది. మేక గిట్టలాంటి ఆకులు, ఊదారంగు పూలు ఉండే బాలబంది తీగ దానికి తోడుగా ఇసుకను అల్లుకుంటుంది.

ఈ దిబ్బ వల్ల మనకేమిటి? తుఫాను అలలు ముందుగా దిబ్బనే కొడతాయి. వాన నీరు ఇసుకలో ఇంకి, ఒడ్డునే చెలమల్లో మంచినీళ్లు దొరుకుతాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలి తీసుకుంది. ఆ తర్వాత తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు. సరుగుడు గాలిని ఆపుతుంది, పేదలకు వంటచెరకు ఇస్తుంది, కాదనను. అయితే చెట్ల సందుల్లోంచి నీరు వస్తుంది. ఎత్తైన దిబ్బను దాటడం దానికి అంత సులువు కాదు. కాబట్టి సరుగుడు దిబ్బ వెనుక వేసుకోవాలి, దిబ్బను తవ్వి కాదు.

గడ్డి ఉంటే పడవలకు, వలలకు అడ్డమని కొందరంటారు. అందుకు ఒకటి రెండు దారులు చాలు, దిబ్బంతా తీసేయనక్కరలేదు. 2011, 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్లు రెండూ ఇసుక దిబ్బలను అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చాయి. అయినా ఇసుక కోసం, రిసార్టుల కోసం తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉన్నారు. దిబ్బ పోతే ముందు మునిగేది వాళ్ల మేడలు కావు, పల్లంలో ఉన్న మత్స్యకారుల, కూలీల ఇళ్లు. మనలో కొందరి అమ్మానాన్నలు ఉండేది అక్కడే.

మిత్రులారా! ఆ గడ్డిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. పైన ఇసుక పడిన ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకు లేచింది. హాస్టల్లో పెరిగిన మనకు దాని విలువ వేరే చెప్పాలా? సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒడ్డున ప్లాస్టిక్ ఏరండి, గడ్డి జోలికి మాత్రం పోకండి. దిబ్బ మీదికి పొక్లెయిన్ వస్తే గ్రామసభలో లేచి అడగండి. మనం చదివిన చదువు ఊరికి ఆమాత్రం ఉపయోగపడాలి.