నిరుద్యోగ బీమా బద్ధకస్తుల కోసమేనా?

అమెరికాలో ఉద్యోగం ఊడినవాళ్ళకి వారం వారం భృతి ఇస్తారని చెప్పండి, మనవాళ్ళ నోట్లోంచి వచ్చే మొదటి మాట - "ఇంట్లో కూర్చుంటే డబ్బులొస్తుంటే ఇంక ఉద్యోగం ఎవడు వెతుకుతాడు?"

ఇందులో నిజం లేకపోలేదు. భృతి అందుకునేవాళ్ళు మళ్ళీ ఉద్యోగంలో చేరడానికి ఎక్కువ రోజులు తీసుకుంటారని ఆర్థికవేత్తలు ఎప్పట్నుంచో లెక్కలు చూపిస్తున్నారు. అయితే ఆ ఆలస్యం బద్ధకం వల్లేనా? 2008లో రాజ్ చెట్టి ఈ ముడి విప్పాడు. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళ మీద భృతి ప్రభావం పెద్దగా లేదు. ఆలస్యం కనబడింది దాచుకున్నదేమీ లేనివాళ్ళలో! భృతి వల్ల పెరిగే ఆలస్యంలో సుమారు 60 శాతం కేవలం డబ్బు ఇబ్బంది తీరడం వల్లేనట. అంటే అద్దె భయంతో దొరికిన మొదటి ఉద్యోగంలోకి దూకాల్సినవాడికి కాస్త ఊపిరి తీసుకుని చూసుకునే వీలు చిక్కిందన్నమాట. దీన్ని బద్ధకం అంటే నేనొప్పుకోను.

ఆ వీలు లేకపోతే ఎలా ఉంటుందో హెచ్1బీ మీదున్న మనవాళ్ళని అడగండి. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. వాళ్ళ జీతం మీద కూడా కంపెనీ నిరుద్యోగ బీమా పన్ను కడుతుంది, కానీ భృతి మాత్రం సాధారణంగా రాదు. ఎక్కడైనా సరే వెంటనే చేరగలిగినవాళ్ళకే భృతి, వీసా చూస్తే ఒక కంపెనీకి కట్టేసి ఉంటుంది మరి. 2022 చివర్లో మొదలైన లేఆఫ్‌ల్లో ఎంతమంది ఇలా క్యాలెండర్ చూసుకుంటూ గడిపారో! యాభయ్యో రోజున వచ్చిన ఆఫర్ మీద ఎవడు బేరమాడతాడు? ఆ సంగతి అవతలివాడికీ తెలుసు. అంత తక్కువకి ఒకడు చేరాడంటే పక్క సీట్లో ఉన్న సిటిజన్ బేరం కూడా పలచబడ్డట్టే.

ఇక మనదేశంలో.. ఈఎస్ఐ కింద 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టారు. 2020లో భృతిని సగటు రోజు వేతనంలో సగానికి పెంచారు, అదీ 90 రోజుల వరకే. కాకపోతే ఈఎస్ఐ జీతం పరిమితి 2017లో 21 వేలు చేశారు. సాఫ్ట్‌వేర్‌లో చాలామంది ఆ గీత దాటేసినవాళ్ళే. మనకి మిగిలేది పీఎఫ్. అది బీమా కాదు, ముసలితనానికి దాచుకున్న మన డబ్బే.

నా జీతంలోంచి నెలనెలా అర శాతం కోసి ఒక నిధి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. చిక్కల్లా ఇంకోచోట ఉంది. అమెరికాలో కంపెనీ తీసేసిన ఉద్యోగులకి భృతి చెల్లించిన కొద్దీ ఆ కంపెనీ కట్టాల్సిన రాష్ట్ర పన్ను రేటు పెరుగుతుంది, కాబట్టి తీసివేతకి ఒక లెక్క ఉంటుంది. మనదగ్గర హెచ్ఆర్ గదిలో కూర్చోబెట్టి, "నువ్వే రాజీనామా చేసినట్టు మెయిల్ పెట్టు, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటారు. మనమూ పెట్టేస్తాం. కాగితం మీద ఎవర్నీ తీసెయ్యని చోట ఏ బీమా ఎవరికి వర్తిస్తుంది?