ఫోటో దగ్గర పరీక్ష ఆగకూడదు

సూళ్లూరుపేట బజారులో ఏ ఫోటో స్టూడియోకైనా వెళ్లి "నీట్‌కు ఫోటో" అంటే చాలు, తెల్ల తెర ముందు స్టూలు వేసి కూర్చోబెడతారు. నిబంధనలు వాళ్లకు కంఠస్థం. మొహం ఫోటోలో ఎనభై శాతం ఉండాలి, రెండు చెవులూ కనపడాలి, టోపీ, నల్ల కళ్లద్దాలు కూడదు. రోజూ పెట్టుకునే కళ్లజోడైతే ఫరవాలేదు. పాస్‌పోర్టు సైజుది ఒకటి, నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల పోస్టుకార్డు సైజుది ఒకటి. ఫైలు 10 కేబీకి తగ్గకూడదు, 200 కేబీ దాటకూడదు.

"అన్నా, చెవులు రెండూ కనపడతా ఉండాయా?"

"కనపడతా ఉండాయి పాపా, భయపడబాక."

ఆ పాప మళ్లీ అడుగుతుంది. ఇంటికి పోయాక ఫోన్‌లో ఫోటోను పెద్దది చేసి చూసుకుంటుంది. ఎడమ చెవి మీద జుట్టు పడిందేమో, కళ్లజోడు మీద లైటు మెరిసిందేమో, వెనక తెల్లదనం కాస్త బూడిద రంగుకు తిరిగిందేమో! రెండేళ్లు జువాలజీ, ఫిజిక్స్‌తో కుస్తీ పట్టిన పిల్లకు దరఖాస్తు పంపిన రాత్రి నిద్ర రానివ్వనిది ఆ ఫోటోయే.

ఈ భయాన్ని పెద్దవాళ్లం "ఇదీ ఒక సమస్యేనా" అని కొట్టిపారేయకూడదు. వైద్య విద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్ దరఖాస్తులో పెట్టిన ఫోటో అక్కడితో అయిపోదు. పరీక్ష రోజు హాజరు పట్టీ మీద అతికించడానికి అదే కావాలి, అడ్మిట్ కార్డుతో వచ్చే పత్రం మీద పోస్టుకార్డు సైజుది కావాలి, కౌన్సెలింగ్‌లో, కాలేజీలో చేరేటప్పుడు మళ్లీ అదే కావాలి. అందుకే ముందే కొన్ని ప్రతులు తీయించి దాచుకోమని పరీక్ష వివరాల బులెటిన్‌లోనే చెబుతారు. పైగా కంప్యూటర్‌లో తయారుచేసినట్టో, మార్చినట్టో కనిపించే ఫోటో పెడితే దరఖాస్తును తిరస్కరించి, అక్రమంగా పరిగణిస్తామన్న హెచ్చరిక కూడా ఉంది. మన స్టూడియోలలో మొటిమలు తుడిచేసి, రంగు తేల్చి ఇవ్వడం మామూలు. పెళ్లి ఫోటోకు అది అందం, ప్రవేశ పరీక్షకు ప్రమాదం. "టచప్ వద్దన్నా" అని నోరు తెరిచి చెప్పాలని చాలామంది పిల్లలకు తెలియదు.

ఫోటో అడగడమే తప్పని నేను అనడం లేదు. 2019 సెప్టెంబరులో పక్కనే ఉన్న తమిళనాడులో, తేని ప్రభుత్వ వైద్య కళాశాలలో ఒక విద్యార్థి మొహానికీ, అతని పేరు మీద నీట్ రాసిన మనిషి ఫోటోకూ పొంతన కుదరలేదు. ముంబైలో ఇంకెవరో కూర్చుని రాసిన పరీక్ష అది. ఆ దొంగతనం బయటపడింది ఫోటో వల్లనే. అమెరికాలోనూ ఇదే కథ. 2011లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో డబ్బు తీసుకుని ఇతరుల బదులు కాలేజీ ప్రవేశాలకు పనికొచ్చే శాట్ పరీక్ష రాసినవాళ్లు పట్టుబడ్డారు. ఆ మరుసటి ఏడాది నుంచి శాట్ రాసేవాళ్లు దరఖాస్తుతోనే ఫోటో ఇచ్చి తీరాలన్నారు. కష్టపడి చదివిన పిల్ల సీటును దొంగ ఎత్తుకుపోకుండా కాపాడేది కాబట్టి ఫోటో ఉండాల్సిందే. ఆ కాపలా భారమంతా పదిహేడేళ్ల పిల్ల నెత్తిన వేయడం మీదనే నా అభ్యంతరం.

మా తిరుపతి జిల్లాకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ర్యాంకు వస్తే తల నీలాలు ఇస్తామని మొక్కుకోని ఇల్లు ఇక్కడ తక్కువ. ఫలితాలు రాగానే తిరుమల కొండకు పోతారు, కల్యాణకట్టలో మొక్కు తీరుస్తారు, తర్వాత కౌన్సెలింగ్. ఫోటోలో ఒత్తైన జుట్టు, ఎదురుగా నున్నటి గుండు! "సార్, గుండుతో పోతే సీటు ఇస్తారా?" అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మొహాన్ని పోల్చేటప్పుడు, మనిషి పోల్చినా కంప్యూటర్ పోల్చినా, కళ్లు, ముక్కు, దవడ అమరికే ప్రధానం, జుట్టు కాదు. నిశ్చింతగా వెళ్లండి, అసలు గుర్తింపు కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. కానీ ఈ మాట చెప్పాల్సింది నేను కాదు. ఏటా ఇరవై లక్షల మందికి పైగా రాసే పరీక్ష బులెటిన్‌లో, తెలుగులో, ఒక్క వాక్యం రాస్తే ఎన్ని ఇళ్లలో గుబులు తీరుతుంది!

అసలు పేచీ గుర్తింపు కార్డుగా చూపే ఆధార్ దగ్గర. పసితనంలో తీసిన ఫోటోతోనే ఇంటర్‌కు వచ్చేసిన పిల్లలు ఎందరో. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి ఫోటో, వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలన్నది నియమం. పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య దానికి రుసుము కూడా లేదు. తెలిసిన ఇళ్లలో పదో తరగతి కాగానే చేయిస్తారు. తెలియని ఇళ్ల సంగతేమిటి? పులికాట్ గట్టున ఉన్న పల్లెలు చూడండి. ఇరకం దీవి నుంచి ఏ పనికి రావాలన్నా పడవ ఎక్కి భీములవారిపాలెం చేరాలి. శ్రీహరికోట అడవిలో తరతరాలుగా బతికి, రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు చోటు ఖాళీ చేసిన యానాదుల కుటుంబాలకు గుర్తింపు కాగితాలు లేకపోవడం పాత బాధ. తండ్రికే కాగితం లేనప్పుడు బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పాత కార్డు మీద ఒక జిల్లా, కొత్త సర్టిఫికెట్ మీద ఇంకొక జిల్లా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. వీటిలో ఏది అడ్డం తిరుగుతుందోనని పిల్లలు కంగారు పడరా?

2024 నీట్ ప్రశ్నపత్రం లీకు గొడవల తర్వాత కేంద్రం జూన్‌లో ఏడుగురితో ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఇస్రో మాజీ ఛైర్మన్ డాక్టర్ కె. రాధాకృష్ణన్, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ ఎగిరినప్పుడు ఇస్రోను నడిపిన మనిషి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ బి.జె. రావు కూడా అందులో సభ్యులుగా ఉన్నారు. విమానాశ్రయాల్లో మొహం చూసి ప్రయాణికుల్ని లోపలికి పంపే డిజి యాత్ర తరహాలో డిజి ఎగ్జామ్ పెట్టాలని, దరఖాస్తు చేసినవాళ్లే పరీక్ష రాశారా, రాసినవాళ్లే చేరారా అని అంచెలంచెలుగా తేల్చుకోవాలని కమిటీ చెప్పింది. మారుమూల ప్రాంతాలకు సంచార పరీక్షా కేంద్రాలు పంపాలన్న మంచి మాటా చెప్పింది. 2025 నీట్‌లో ఢిల్లీలోని కొన్ని కేంద్రాల్లో ఆధార్‌తో మొహం పోల్చే పద్ధతిని ప్రయోగాత్మకంగా చూశారు కూడా. అంటే మున్ముందు స్టూడియో ఫోటో బదులు కెమెరాయే మొహం చూస్తుంది. అప్పుడు పాత ఆధార్ ఫోటో ఉన్న బిడ్డ గతి ఏమిటన్నది ఇప్పుడే తేల్చాలి.

శ్రీహరికోట వాళ్లకు ఒక రాత్రి బాగా గుర్తుంటుంది. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా లోపం కనిపించింది, కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌ను ఎవరూ పారేయలేదు. లోపం సరిచేసి, వారానికే, జూలై 22 మధ్యాహ్నం పంపించారు. నీట్ గేటు మధ్యాహ్నం ఒకటిన్నరకు మూస్తారు. అక్కడ ఫోటో తేడా అనిపించిన పిల్లకు ఆ వారం రోజులు ఎవరిస్తారు?

కాబట్టి నీట్ నిర్వహించే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీని కోరేది ఇదే. ఫోటో పనికిరాకపోతే దరఖాస్తు పంపిన కొద్ది రోజుల్లోనే ఫోన్‌కు తెలుగులో సందేశం పంపండి, మార్చుకోవడానికి గడువివ్వండి. పరీక్ష కేంద్రంలో అనుమానం వస్తే అక్కడే కొత్తగా ఫోటో, వేలిముద్ర తీసుకుని పరీక్ష రాయనివ్వండి. విచారణ తర్వాత చేసుకోండి. దొంగ అయితే అప్పుడూ దొరుకుతాడు. రాష్ట్ర ప్రభుత్వం ఇంటర్ మొదటి ఏడాదిలోనే గ్రామ సచివాలయాల సిబ్బందిని జూనియర్ కాలేజీలకు, గిరిజన గురుకులాలకు పంపి ప్రతి బిడ్డ ఆధార్ సరిచేయించాలి, నిబంధనలకు సరిపోయే ఫోటో ఉచితంగా తీయించి ఇవ్వాలి. ఇది పెద్ద ఖర్చూ కాదు, కొత్త విద్యా కాదు.

ఈ శీర్షిక చదివే తల్లిదండ్రులారా, మీ ఇంట్లో పదిహేనేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఈ వారంలోనే ఆధార్ తీసి ఫోటో చూడండి. చిన్నప్పటిదైతే వెంటనే మార్పించండి. మీ వీధిలో ఆ సంగతి తెలియని ఇల్లు ఉంటే, ఆ బిడ్డను కూడా వెంట తీసుకుపోండి.