ఒంటికి పట్టలేదా, పడలేదా?

నెత్తురు విరేచనాలు అనగానే మొలలనో, జిగట విరేచనాలనో సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మనిషికి అది అల్సరేటివ్ కొలైటిస్ అనో, క్రోన్స్ వ్యాధి అనో తేలడానికి తరచుగా తిరుపతి, వేలూరు, హైదరాబాదుల్లో ఏదో ఒక ఊరు వెళ్లాలి. జబ్బు పేరు అక్కడ తేలినా, ఏళ్ల తరబడి మందు వాడేది ఇంటి దగ్గరే. కొన్నాళ్లకు విరేచనాలు మళ్లీ మొదలైతే ‘మందు ఒంటికి పట్టలేదు’ అంటారు. మోతాదు పెంచుతారు, లేదా మందే మార్చేస్తారు. ఆ నిర్ణయానికి ముందు నెత్తుటిలో మందు ఎంతుందో కొలవాలి. పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న రోగికే ఆ కొలత ఎక్కువ అవసరం.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ సంగతే చూడండి. క్రోన్స్ వ్యాధికి అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఈ ఇంజెక్షన్‌ను సాధారణంగా కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, తొలి మూడు మోతాదుల తర్వాత 8 వారాలకోసారి ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి ప్రతిసారీ 300 మిల్లీగ్రాములు, అంటే మూడు వయల్స్. అది పనిచేయడం మానేస్తే కారణాలు ఒకటి కాదు. మందు త్వరగా ఖర్చయిపోతుండవచ్చు. అప్పుడు మోతాదు పెంచితే ఫలితం ఉంటుంది. శరీరం దానిపై యాంటీబాడీలు బాగా తయారుచేసుకుంటే అదే మందు ఎంత పోసినా బూడిదలో పోసిన పన్నీరే, అదే తరగతిలో ఇంకో మందుకు మారాలి. మందు చాలినంత ఉండీ పేగు మంట తగ్గకపోతే వేరే దారిన పనిచేసే మందు కావాలి. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. పైగా మన దగ్గర అమీబా, క్షయ కూడా ఇవే లక్షణాలతో వస్తాయి కనుక ముందు వాటిని తోసిపుచ్చాలి.

అందరికీ క్రమం తప్పక కొలవడం దండగ అనేవారి మాటలో పస ఉంది. 2021లో వెలువడిన నార్వే పరిశోధనల్లో, చికిత్స మొదట్లో అలా కొలవడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. చికిత్స కొనసాగించే దశలో మాత్రం కొలిచినవారిలో 73.6 శాతం మందికి, కొలవనివారిలో 55.9 శాతం మందికి జబ్బు అదుపులో నిలిచింది. అందులో కీళ్లవాతం రోగులూ ఉన్నారు కనుక ఆ అంకెను పేగు జబ్బుకు యథాతథంగా అంటించలేం. అందుకే నేనడుగుతున్నది జబ్బు తిరగబెట్టినప్పుడు చేసే పరీక్ష. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2017లో సూచించింది కూడా అదే. ఇక్కడ ల్యాబు ఎక్కడిదంటారా? రోగి వేలూరు బస్సెక్కనక్కర్లేదు, సీరం వేరుచేసి చల్లని పెట్టెలో పంపితే చాలు.

‘మందు పడలేదు’ అనేది ఇంకో కథ. ఈ పేగు జబ్బులకే వాడే, మాత్రల రూపంలో చవగ్గా దొరికే అజాథియోప్రిన్ కొందరిలో తెల్ల రక్తకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది, జుట్టు కుచ్చులుగా రాలుతుంది. పాశ్చాత్యులు చూసే టీపీఎంటీ జన్యువు కన్నా ఎన్‌యూడీటీ15 మార్పే దీన్ని బాగా పట్టిస్తుందని 1014 మంది భారతీయ రోగులపై హైదరాబాదు వైద్యుల సారథ్యంలో జరిగిన పరిశీలన 2020లో చెప్పింది. జీవితంలో ఒక్కసారి చేయించే పరీక్ష ఇది. అదీ కుదరకపోతే తొలి వారాల్లో తరచూ సీబీపీ (రక్తకణాల లెక్క) అయినా చేయాలి. అది ప్రొద్దుటూరులోనే అవుతుంది.

ఖర్చు ఎవరిది? జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి పెట్టిన వైద్యుడే 2007లో ముఖ్యమంత్రిగా ఆరోగ్యశ్రీ తెచ్చారు. అది ప్రధానంగా ఆపరేషన్ల చుట్టూ అల్లిన పథకం; ఏళ్లపాటు సాగే మందుల కొలతకు అందులో చోటు వెతకాలి. వృథాగా ఎక్కించే మూడు వయల్స్ ధర పక్కన పరీక్ష ధర పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. ఒక్క జాగ్రత్త: నెత్తురు తదుపరి ఇంజెక్షన్‌కు సరిగ్గా ముందు తీయాలి, కిందటి మోతాదు తేదీ చీటీ మీద రాయాలి. ఇంజెక్షన్ ఎక్కించాక తీసిన నెత్తురులో మందు ఎలాగూ కనిపిస్తుంది.